నట్లు విప్పినా చక్రం రాదేం? తుప్పు పట్టు వెనుక ఉన్న విజ్ఞానం

పాత కారుకు పంక్చరు పడింది. జాకీ పెట్టి నట్లన్నీ విప్పేశారు. ఇక చక్రం చేతిలోకి రావాలి. కానీ రెండు చేతులా లాగినా అది కదలదు. ఏళ్ల తరబడి చక్రం విప్పని బండ్లలో, ముఖ్యంగా సముద్ర తీర ప్రాంతాల్లో తిరిగే బండ్లలో, ఇది తరచుగా ఎదురయ్యే సమస్యే. ఇక్కడ తొందరపడితే ప్రమాదం. జాకీ మీద ఉన్న బండిని బలంగా కుదిపితే అది జారి పడవచ్చు. చక్రాన్ని పట్టి ఉంచుతున్నది ఏమిటో తెలిస్తే, బలం ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో అర్థమవుతుంది.

సందులో పెరిగే తుప్పు

చాలా కార్లలో చక్రం మధ్యనున్న గుండ్రటి రంధ్రం, హబ్ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన అంచు మీద బిగుతుగా కూర్చుంటుంది. రెండింటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. అంత సన్నని సందులోకి కూడా వాన నీరు కేశనాళికీయత వల్ల చేరుతుంది. లోపల గాలి ఆడదు కనుక త్వరగా ఆరదు.

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. తుప్పు రకాన్ని బట్టి అది కరిగిపోయిన ఇనుము కంటే సుమారు 2 నుంచి 6 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు స్తంభంలోని ఇనుప చువ్వలు తుప్పు పట్టినప్పుడు పైపొర పగిలి ఊడిపోవడానికి కారణం ఇదే. హబ్ దగ్గర తుప్పు పెరగడానికి చోటు లేదు. అందుకే అది రెండు లోహాలనూ ఒత్తుతూ మేకులా బిగుసుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ, చెన్నై వంటి చోట్ల గాలిలోని ఉప్పు ఆ తేమలో కరిగి, విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. దాంతో తుప్పు వేగం పెరుగుతుంది.

అలాయ్ చక్రాలు అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినవి కాబట్టి వాటికి ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. అల్యూమినియం, ఉక్కు ఉప్పు తేమలో తాకుతూ ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. రెండింటిలో ఎక్కువ చర్యాశీలత గల అల్యూమినియం క్షయమై తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి కూడా సందును నింపి బిగుసుకుంటుంది.

లాగితే ఎందుకు రాదు?

తుప్పు పొర నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటుంది. కానీ అది పెళుసు. తిన్నగా లాగినప్పుడు మన బలం హబ్ చుట్టూ ఉన్న పొరంతటికీ పంచబడుతుంది. ఏ ఒక్క చోటా అది పగలడానికి చాలదు. చక్రాన్ని ఒక అంచున తట్టినప్పుడు బలం అక్కడే కేంద్రీకృతమవుతుంది. చిన్న పగులు మొదలవుతుంది. ఎదురు అంచున తడితే మరో పగులు వస్తుంది. కాబట్టి ఇక్కడ పనికొచ్చేది మార్చి మార్చి ఇచ్చే చిన్న చిన్న అదురులు.

జాగ్రత్తగా విప్పే పద్ధతి

బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, మిగతా చక్రాలకు రాయో చెక్కో అడ్డం పెట్టాలి. జాకీ బండిని లేపడానికే. నిలిపి ఉంచడానికి స్టాండ్ కావాలి. బండి కిందికి తల, చేయి, కాలు ఏదీ పోనివ్వకూడదు. రోడ్డు పక్కన స్టాండ్ లేకపోతే, బలప్రయోగం మానుకుని మెకానిక్‌ను పిలవడం మేలు.

హబ్ అంచు చుట్టూ తుప్పు వదిలించే నూనెను కొద్దిగా వేసి కనీసం పావుగంట ఆగాలి. తక్కువ స్నిగ్ధత, తక్కువ తలతన్యత ఉన్న ఈ నూనె సన్నని పగుళ్లలోకి పాకుతుంది. తుప్పుకు కారణమైన నీరు ఏ దారిన వెళ్లిందో, నూనె కూడా ఆ దారినే వెళుతుంది. అయితే బ్రేకు డిస్కు, డ్రమ్ముల మీద మాత్రం చుక్క పడకూడదు. పడితే ఘర్షణ తగ్గి బ్రేకు పట్టదు.

తర్వాత నట్లను రెండు మూడు చుట్లు వదులు చేసి అలాగే ఉంచాలి. పూర్తిగా తీసేస్తే చక్రం ఒక్కసారిగా ఊడి మీద పడవచ్చు. బండిని నేల మీదికి దించి, పక్క నుంచి చేతులతో మెల్లగా ఊపాలి. వెయ్యి కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 250 కిలోల బరువు పడుతుంది. ఆ బరువే తుప్పు పొరను పగలగొడుతుంది. అప్పటికీ రాకపోతే, బండిని మళ్లీ లేపి స్టాండ్ మీద నిలిపి, రబ్బరు సుత్తితో టైరును కుడి, ఎడమ, పైన, కింద మార్చి మార్చి తట్టాలి. ఇనుప సుత్తితో అలాయ్ రిమ్మును కొడితే అది పగలవచ్చు.

మంట పెట్టడం మాత్రం వద్దు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుందన్నది నిజమే. కానీ 60 మిల్లీమీటర్ల రంధ్రాన్ని, హబ్‌ను 50 డిగ్రీలు వేడి చేసినా వచ్చే తేడా 0.03 మిల్లీమీటర్లే. ఆ కాస్త కోసం నూనె అంటుకునే, బేరింగు గ్రీజు కరిగిపోయే, టైరు పేలే ప్రమాదం కొనితెచ్చుకోవడం తగదు.

మళ్లీ బిగించే ముందు

చక్రం వచ్చాక వైరు బ్రష్‌తో హబ్‌ను, చక్రం వెనుక వైపును శుభ్రం చేయాలి. పాత బ్రేకు లైనింగుల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి మాస్క్ పెట్టుకోవాలి, గాలితో ఊదకూడదు. తుప్పు పెచ్చులు మిగిలితే, బండి నడిచేటప్పుడు అవి నలిగి నట్లు వదులవుతాయి.

హబ్ మధ్య అంచుకు మాత్రమే పలుచగా గ్రీజు రాయాలి. నట్ల మరలకు రాయకూడదు. నట్టు తిప్పే శ్రమలో దాదాపు 90 శాతం ఘర్షణకే పోతుంది. సుమారు 10 శాతమే చక్రాన్ని నొక్కి పట్టే బలంగా మారుతుంది. మరలకు గ్రీజు తగిలితే ఈ లెక్క తారుమారవుతుంది. అంతే బిగింపుకు స్టడ్డు ఎక్కువగా సాగి తెగిపోవచ్చు. నట్లను ఎదురెదురుగా, బండి పుస్తకంలో చెప్పిన టార్క్‌కు బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడాలి.

సుమారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి టైర్లు ముందువి వెనక్కి మార్చడం చాలామందికి అలవాటే. అప్పుడే హబ్‌ను కూడా శుభ్రం చేయిస్తే, తుప్పు ఆ సన్నని సందులో బిగుసుకునేంతగా పెరగదు.