అడవి విద్య: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

మక్కచేను కోతకు వచ్చువేళకు అడవిపందుల మంద దిగి ఒక్క రాత్రిలో దానిని నేలమట్టము చేయుట భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల రైతులకు క్రొత్త సంగతి కాదు. అడవి తక్కువగా నున్న జనగామ మెట్ట గ్రామములలో సైతము కోతులు పెరటి కాయలను, ఇంటి కప్పులను విడుచుట లేదు. గోదావరి కావలి గడ్చిరోలి అడవుల నుండి పులులు నది దాటి మన వైపునకు వచ్చిపోవుచున్నవి. 2024 ఏప్రిల్ నెలలో మహారాష్ట్ర నుండి దారితప్పి వచ్చిన ఒక ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో వరుసగా రెండు రోజులలో ఇద్దరు రైతుల ప్రాణములు తీసినది.

ఇట్టి వేళ జనము గుమిగూడి తరుమబోయిన ప్రమాదము పెరుగునే గాని తరుగదు. జంతువు నడకను, స్వభావమును ఎరిగిన మనిషి అచట ఉండవలెను. అట్టివారిని తయారుచేయు విద్యయే వన్యప్రాణి నిర్వహణ శాస్త్రము. ఈ విద్య మన పల్లె బిడ్డలకు అందనంత దూరములో లేదు. దారి చెప్పువారు లేకనే అనేకులు దానిని పోగొట్టుకొనుచున్నారు.

ఈ విద్య యనగా నేమి?

అమెరికా దేశములో ఆల్డో లియోపోల్డ్ అను పండితుడు 1933లో వ్రాసిన గ్రంథముతో ఈ శాస్త్రమునకు ఒక రూపము వచ్చినది. జంతువులు, అవి నివసించు తావు, ఆ చెంతనుండు మనుష్యులు, ఈ మూడింటిని కలిపి చూచుట దీని సారము. మృగములపై ప్రేమ ఒక్కటే ఇందుకు చాలదు. లెక్క కూడ రావలెను. మన దేశములో 2006 మొదలు నాలుగేండ్ల కొకసారి పులుల గణన ఒకే శాస్త్రీయ పద్ధతిలో జరుగుచున్నది. సిబ్బంది బీటు బీటున నిర్ణీతమైన దారిలో నడచి అడుగుజాడలను, మలమును, చెట్లపై గోళ్ల గీతలను నమోదు చేయుదురు. చెట్లకు కట్టిన కెమెరాలు జంతువు ఎదుటికి రాగానే దానంతట అవియే ఫోటో తీయును. మనుష్యుల వేలిముద్రల వలెనే ఏ రెండు పులుల చారలును ఒకటిగా ఉండవు గనుక వాటిని విడివిడిగా గుర్తింపవచ్చును.

వేసవిలో నీటి గుంటలు నింపుట, కార్చిచ్చు వ్యాపింపకుండ గట్లు తీయుట, ఉచ్చులను, కరెంటు తీగలను తొలగించుట, పంటనష్టమును విచారించుట కూడ ఈ పనిలోనివే. 1952లో ఏర్పడిన పాఖాల అభయారణ్యములో కొంత మహబూబాబాద్ జిల్లాలోనే యున్నది. ఆ యేటనే ఏర్పడిన ఏటూరునాగారము అభయారణ్యము, 2019లో భూపాలపల్లి నుండి విడివడిన ములుగు జిల్లాలో నున్నది. ఇంతటి పాఠశాల వాకిట నుండగా మన బిడ్డలు దూరముగా నుండుట తగునా?

చదువు మెట్లు

మొదటి మెట్టు పదవ తరగతి ముగిసిన దినములలోనే కలదు. ఇంటర్మీడియెట్ లో సైన్సు గ్రూపు తీసికొననివానికి ముందున్న తలుపులలో పెక్కు మూసికొనిపోవును. కావున ఆ నిర్ణయమునకు పూర్వమే పిల్లలకు సంగతి తెలియవలెను.

ఇంటర్మీడియెట్ పిమ్మట సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, పరిశోధనా సంస్థలో నాలుగేండ్ల బి.ఎస్సీ. ఫారెస్ట్రీ చదువవచ్చును. ఇది 2016లో స్థాపితమైనది. పేరొకటే గాని ఇది మేడారము చెంతనున్న ములుగు కాదని తల్లిదండ్రులు గమనింపవలెను. జంతువుల చికిత్సయందు ఆసక్తి గలవారికి వరంగల్లు చెంత మామునూరులో పశువైద్య కళాశాల కలదు. సాధారణ డిగ్రీలో జంతుశాస్త్రము చదివినవారు కాకతీయ విశ్వవిద్యాలయములో ఎం.ఎస్సీ. చేయవచ్చును. ఆపై చదువునకు డెహ్రాడూన్ లో 1982లో నెలకొల్పిన భారత వన్యప్రాణి సంస్థ యున్నది. అచట ఎం.ఎస్సీ.లో చేరుటకు ప్రవేశ పరీక్షలో నెగ్గవలెను.

ఉద్యోగములు

బీటు అధికారి పదవికి ఇంటర్మీడియెట్ చాలును. సెక్షను అధికారి, రేంజి అధికారి పదవులకు డిగ్రీ కావలెను. 1966లో ఏర్పడిన భారత అటవీ సర్వీసునకు కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్ష జరుపును. ఫారెస్ట్రీ, జంతుశాస్త్రము, వృక్షశాస్త్రము, వ్యవసాయము, పశువైద్యము, ఇంజనీరింగు మున్నగు డిగ్రీలు గలవారు దానికి అర్హులు. దేహదారుఢ్యము కూడ అవసరము. మన రాష్ట్రములో బీటు అధికారుల నియామకమునకు పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నడచి చూపవలసి వచ్చినది. చేలకు, అడవికి నడచి పెరిగిన మన ఆడపిల్లలకు ఇది అలవికాని పని కాదు.

ఒక మాట దాచరాదు. పదవులు కొన్నియే, ప్రకటనలు ఏటేట వెలువడవు. కావున పరిశోధన, అధ్యాపకత్వము, జంతు ప్రదర్శనశాలలలో పని మొదలగు ఇతర మార్గములను కూడ విద్యార్థి దృష్టిలో నుంచుకొనవలెను.

పంచాయతీ చేయదగినది

పదవ తరగతి పరీక్షలకు ముందే ప్రధానోపాధ్యాయునితో కలిసి తల్లిదండ్రుల సమావేశము జరిపి ఈ దారిని వివరింపుడు. గురుకుల కళాశాలలలో సైన్సు గ్రూపులున్న సంగతి పేద కుటుంబములకు తెలుపుడు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య నిర్వహణ సంఘము, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. దానిని కాగితములకే పరిమితము చేయక, కాలేజీ చదువు చదువుచున్న పిల్లలను ఊరి వృద్ధులకు తోడుగా అడవికి పంపుడు. కోయ పెద్దకు చెట్టు పేరు, పిట్ట కూత, మృగము దారి తెలియును. పిల్లవాడు వానిని వ్రాసికొనును. వానికి అదియే తొలి పాఠము, ఊరికి అదియే తరుగని ఆస్తి.

పంటనష్టము జరిగినపుడెల్ల తేదీని, సర్వే నంబరును, జంతువు పేరును ఒక పుస్తకమున నమోదు చేయింపుడు. ఏ జంతువు ఏ నెలలో ఏ దిక్కునుండి వచ్చుచున్నదో రెండేండ్ల లెక్కయే చెప్పగలదు.

అడవి ఒడ్డున పుట్టినవాడే అధికారియై తిరిగివచ్చిన నాడు అటు ఊరి కష్టము, ఇటు అడవి మర్మము రెండును ఎరిగి పనిచేయగలడు. అట్టి బిడ్డను ఒక్కనినైనను ఈ యేడు గుర్తించి దారి చూపుట ప్రతి పంచాయతీ సభ్యుని కర్తవ్యము.