ఆ అంకె ఎక్కడిది?

ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని లెక్కగట్టే ఫ్లూయెంట్ సాఫ్ట్‌వేర్‌లో ప్రెజర్ ఇన్‌లెట్ పెట్టడం రెండు నిమిషాల పని. అందులో వేసే అంకె ఎక్కడిదో తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లల కోసం ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

1. వాతావరణ పీడనాన్ని రెండుసార్లు కలపకండి. మనం మార్చకపోతే ఆపరేటింగ్ ప్రెజర్ 101325 పాస్కల్స్. ఇన్‌లెట్‌లో వేసేది దాని మీద అదనం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్యాన్ డక్ట్‌కు ఇన్‌లెట్‌లో మళ్లీ 101325 వేశాను. అవుట్‌లెట్ సున్నా. లెక్క చక్కగా కన్వర్జ్ అయింది. గాలి వేగం చూస్తే సెకనుకు సుమారు 400 మీటర్లు, ధ్వని కంటే ఎక్కువ! కన్వర్జ్ అయిందంటే సరైనదని కాదని ఆ రోజే తెలిసింది.

2. సాఫ్ట్‌వేర్ అడిగేది టోటల్ ప్రెజర్. పైపు గోడకు బిగించిన గేజ్ చూపేది స్టాటిక్. నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతుంటే రెండింటికీ తేడా 2000 పాస్కల్స్. నీరు కదలకుండా ఉన్న పెద్ద ట్యాంకులో మాత్రం రెండూ ఒకటే. అందుకే గేజ్ ఎక్కడ బిగించారో ముందు అడగండి.

3. రెండు చివరలా పీడనమే ఇస్తే, ఎంత ప్రవాహం వస్తుందో సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. దారిలో ఒక వాల్వు నష్టం మరిచిపోయినా ఆ జవాబు తప్పుతుంది. ప్రవాహం కచ్చితంగా కొలిచి ఉంటే మాస్ ఫ్లో ఇన్‌లెట్ వాడండి.

4. 10 మీటర్ల నీటి ఎత్తు అంటే దాదాపు 98,000 పాస్కల్స్. గ్రావిటీ ఆన్ చేశాక ఆపరేటింగ్ డెన్సిటీ ఎంతుందో చూడండి. దానిలో నీటి సాంద్రతే ఉంటే ఎత్తు వల్ల వచ్చే పీడనాన్ని సాఫ్ట్‌వేర్ విడిగా చూసుకుంటుంది. మీరు మళ్లీ కలపకూడదు.

5. వంపు దగ్గరే ఇన్‌లెట్ పెట్టకండి. వంపుకు ముందు కొంత తిన్నని పైపు చేర్చండి. లేకపోతే వంపు ప్రభావం ఇన్‌లెట్ దాకా వస్తుంది, అక్కడ పీడనం అంతటా ఒకటేనన్న మన ఊహ చెల్లదు.

6. రన్ కొట్టే ముందు కాగితం తీయండి. పీడన తేడాను రెండుతో గుణించి, సాంద్రతతో భాగించి, వర్గమూలం తీయండి. నష్టాలేవీ లేకపోతే వచ్చే వేగం అది. ఫ్యాన్ డక్ట్ రోజు నేను ఈ ఒక్క లెక్క వేసి ఉంటే, రన్ మొదలుపెట్టకముందే సెకనుకు 407 మీటర్లని కాగితం మీద కనిపించేది.