బాలబాలికల శిరోవేదన – మనస్తాపము

శరీరావయవములలో శిరస్సును ఉత్తమాంగమన్నారు చరకాచార్యులు. చరకసంహిత సూత్రస్థానం 17వ అధ్యాయంలో శిరోరోగాలకు చెప్పిన కారణాలలో వేగధారణ, పగటినిద్ర, రాత్రి జాగరణ, ధూళి, పొగ, ఎండ, తూర్పుగాలి ఉన్నాయి. వాటి నడుమనే రోదనము, బాష్పనిగ్రహము, మనస్తాపము కూడా ఉన్నాయి. బాష్పనిగ్రహమంటే వచ్చే కన్నీటిని ఆపుకొనుట. గురుకులంలో ఈ శ్లోకాలు వల్లె వేసిన నాడు పొగను గురించీ ధూళిని గురించీ గురువుగారిని ఎన్నో ప్రశ్నలు అడిగాము. కన్నీటిని గురించి ఒక్కటీ అడగలేదు. దాని అర్థాన్ని ధర్మపురిలో ఒక బాలుడు నాకు నేర్పాడు.

పదవ తరగతి చదువుతున్న ఆ పిల్లవానిని తల్లి వెంటబెట్టుకొని వచ్చింది. తలచుట్టూ గుడ్డ బిగించి కట్టినట్లు నొప్పి. కంటి పరీక్ష చేయించారు, దోషం లేదు. జ్వరమూ జలుబూ లేవు. నెలలో సగం రోజులు నొప్పి మాత్ర మింగుతున్నాడు. నెలల తరబడి ఇలా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయని చాలా ఇళ్లలో తెలియదు. ఉదయం ఏమీ తినకుండా బడికి పోతాడని విని, పైత్యమే కారణమని నేనూ తలచి ధనియాల హిమం ఇచ్చాను. గుణం కనిపించలేదు.

రెండవసారి వచ్చినప్పుడు, నొప్పి వచ్చిన రోజున గోడ క్యాలెండరులో గీత పెట్టమని తల్లికి చెప్పాను. నెల తరువాత చూస్తే గీతలు ఎక్కువగా గురు, శుక్రవారాలలోనే ఉన్నాయి. శుక్రవారం బడిలో విశేషమేమీ లేదు. సౌదీలో మాత్రం అది సెలవుదినం. తండ్రి అక్కడ కూలిపనికి పోయి నాలుగేండ్లయింది. సెలవునాడు వీడియోలో మాట్లాడతాడు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలో ఇట్టి ఇళ్లు ఎన్నో. వీసాకు చేసిన అప్పు, తండ్రి పడే కష్టం, కొడుకు మార్కులు మూడూ ఆ ఫోనులో ఒకచోట కలుస్తాయి.

తల్లిని వసారాలో కూర్చోబెట్టి పిల్లవానిని ఒంటరిగా అడిగాను.

“బాపును చూస్తే ఏడుపొస్తది సారూ. నేనేడిస్తే అక్కడ బాపు సుత ఏడుస్తడు. అందుకే ఆపుకుంట” అన్నాడు.

ఇట్టి నొప్పిని బడి ఎగ్గొట్టే వేషమని కొట్టివేయరాదు. మనసు బిగిసినప్పుడు మెడ, నుదుటి కండరాలు బిగుస్తాయి. నొప్పిని గ్రహించే నాడీవ్యవస్థ మరింత సున్నితమవుతుంది. పార్శ్వపు నొప్పి వంశంలో ఉన్న ఇళ్లలో నిద్రలేమి, ఉపవాసం, ఆందోళన దానిని రేపుతాయి. ఆడపిల్లలలో ఋతుక్రమం మొదలైన తరువాత ఇది మరింత తరచు. హాస్టలులో ఒంటరితనం, తోటివారి వెక్కిరింత, చుట్టాల పిల్లలతో పోల్చుట కూడా మనస్తాపమే. ప్రశ్న నలుగురిలో అడిగితే పిల్లవాడు “ఏం లేదు” అనే అంటాడు.

ఆ తండ్రితో ఫోనులో నేనే మాట్లాడాను. మార్కుల మాట రెండు నెలలు ఎత్తవద్దనీ, కొడుకు ఏడిస్తే ఏడ్వనిమ్మనీ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నొప్పి మాత్రలు మాన్పించాము. మొదటి రోజులలో నొప్పి కొంత పెరిగింది, తల్లి ఓర్చుకొంది. ఉదయం పెరుగన్నమో గటకయో తిన్న తరువాతనే బడి. రాత్రి గోరువెచ్చని నువ్వులనూనెతో తలకూ అరికాళ్లకూ మర్దన, ఫోను వేరే గదిలో. ఈ వయసుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. నొప్పి పూర్తిగా పోలేదు గాని, రెండు నెలలకు గీతలు నాలుగైదుకు తగ్గాయి.

అయితే హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి, నిద్ర నుండి లేపే నొప్పి, తెల్లవారుజామున వాంతులు, జ్వరంతో మెడ బిగియుట, చూపు మసకబారుట, కాలుచేతులలో బలహీనత, తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చిన నొప్పి – వీటిలో ఏది కనిపించినా గృహవైద్యం పనికిరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తరువాత మన రాష్ట్రంలో ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. బ్రతకాలని లేదని పిల్లలు ఒక్కసారి అన్నా తేలికగా తీసుకొనక, ఒంటరిగా విడువక, మానసిక వైద్యునికి చూపించండి. ప్రభుత్వపు టెలీమానస్ 14416 నంబరులో తెలుగులోనే, ఖర్చు లేకుండా, ఏ వేళనైనా మాట్లాడవచ్చు.