కొత్త సైకిలుకు పిట్టగోడ

పాఠ్యభాగం: ద్వితీయోపదేశకాండము 22:8



కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడకు పిట్టగోడ కట్టాలని ఈ వచనం ఆజ్ఞాపిస్తోంది. ఎవరో పడ్డాక ఏడవడం కాదు, పడకముందే గోడ కట్టడం ఆ యజమాని బాధ్యత. రియాద్‌లో బతా బజారు నుండి పెట్టెలో తెచ్చుకున్న చిన్న సైకిలుకూ ఇదే వర్తిస్తుంది. బిగించేది మనం, ఎక్కేది పసిబిడ్డ.

కొనేటప్పుడు: "పెరిగే పిల్లే కదా" అని పెద్దది తీసుకోకండి. వయసుకన్నా కాలి పొడవు ముఖ్యం. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి.

బిగించేటప్పుడు:

1. ముందు బ్రేకు ఉంటే అది ఫోర్కుకు ముందువైపే ఉండాలి. వెనక్కి ఉందంటే ఫోర్కు తిరగబడిందన్నమాట.

2. హ్యాండిల్ రాడ్డు మీద, సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటుంది. అది బయటికి కనిపించకూడదు. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. కదిలితే ఇంకా బిగించాలి.

3. పెడల్స్ మీద ఆర్, ఎల్ అక్షరాలు ఉంటాయి. కుడిది గడియారం ముల్లు తిరిగే దిక్కున, ఎడమది దానికి ఎదురు దిక్కున బిగుస్తుంది. ముందు చేత్తో తిప్పి, ఆ తర్వాతే పానా పెట్టండి. బలవంతం చేస్తే మరలు అరిగిపోతాయి.

4. పక్క చక్రాలు రెండూ ఒకేసారి నేలకు గట్టిగా ఆనకూడదు, కొంచెం ఎడం ఉంచండి. లేకపోతే గుంత వచ్చినచోట వెనక చక్రం గాలిలోకి లేస్తుంది, అప్పుడు వెనక బ్రేకు పనిచేయదు.

ఎక్కించే ముందు: బ్రేకు పిడి బిడ్డ వేళ్లకు అందుతుందా? పెడల్ వెనక్కి తొక్కితే ఆగే రకమైతే, ఆపడం నేర్పించాకే వదలండి. టైరు పక్కన రాసినంతే గాలి కొట్టించండి. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. ఎండలో ఉంచిన సైకిలు చేతులు కాలుస్తుంది కనుక సాయంత్రం, బండ్లు తిరగని చోట తొక్కించండి. కొన్నాళ్లు తొక్కాక నట్లన్నీ మళ్లీ చూడండి.

కుటుంబం ఊళ్లో, తండ్రి ఇక్కడ ఉన్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. సైకిలుకు డబ్బు పంపి ఊరుకోకండి. ఫోన్ వీడియోలో హ్యాండిల్ తిప్పించి, బ్రేకు పట్టించి చూడండి. దూరంగా ఉన్న తండ్రి కూడా పిట్టగోడ కట్టగలడు.

ధ్యానించుదాం: మన బిడ్డ పడకముందే మనం కట్టవలసిన పిట్టగోడ ఇంకేదైనా మిగిలి ఉందా?