ఘాటు దిగు లారీ: నేర్చుకొనువారికి ఒక పాఠము



మన పల్లెలనుండి లారీ తోలుట నేర్చుకొనబోవు యౌవనస్థులు అనేకులున్నారు. చదునైన రోడ్డుమీద కొన్ని నెలలు తోలినంతనే కొండదారియు వచ్చినదని తలంచువారు వారిలో లేకపోలేదు. రాజమహేంద్రవరమునుండి భద్రాచలము పోవు మార్గములో మారేడుమిల్లికిని చింతూరునకును నడుమనున్న ఘాటును చూచినవారు అట్లు తలంపరు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. దట్టమైన అడవి ఎదుటి మలుపును కనబడనీయదు. ఎక్కుటయే కష్టమని చూచువారందురు. అనుభవముగల డ్రైవర్లు మాత్రము దిగుటకే భయపడుదురు. కావున దిగుటనుగూర్చియే ఇక్కడ ఎక్కువగా వ్రాయుచున్నాను.

సరుకుతో కూడ 16 టన్నుల బరువుగల లారీ, 100 మీటర్లకు 5 మీటర్లు వాలిన దారిలో ఒక కిలోమీటరు దిగినదనుకొనుడి. అనగా అంత బరువు 50 మీటర్ల ఎత్తునుండి క్రిందికి వచ్చినది. బ్రేకుతోనే దానిని ఆపుకొనుచు వచ్చినయెడల ఆ బలమంతయు వేడిగా మారి చక్రముల డ్రమ్ములలో చేరును. గాలికిని టైర్ల రాపిడికిని కొంత పోయినను, మిగిలిన వేడి దాదాపు 20 లీటర్ల నీళ్లను మరిగించుటకు చాలును. 10 కిలోమీటర్లకు 200 లీటర్లు! వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనింగునకు దూరమగును, లైనింగు పట్టు విడుచును, కాలిన వాసన వచ్చును. అప్పుడు ఎంత త్రొక్కినను లారీ మాట వినదు. గాలి బ్రేకులున్న బండిలో మాటిమాటికి త్రొక్కి విడుచుచుండిన ట్యాంకులోని గాలియు తరుగును గనుక గేజిమీద ఒక కన్ను ఉంచవలెను.

మరి లారీని పట్టుకొనునది ఏది? ఇంజనే. చిన్న గేరులో నున్నప్పుడు చక్రములు ఇంజనును త్రిప్పవలసివచ్చును. ఆ శ్రమయే బండిని వెనుకకు లాగును. ఎగ్జాస్టు బ్రేకు ఉన్నయెడల అది పొగగొట్టమును మూసి ఈ లాగుడును ఇంకను పెంచును. ఏ గేరులో కొండ ఎక్కవలసియుండునో ఆ గేరులోనే, లేక దానికంటె ఒకటి తగ్గించి దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పుదురు. అది మంచి మాట. అయితే ఆ గేరు వాలు మొదలు కాకముందే, పైననే వేయవలెను. వేగము పెరిగిన తరువాత చిన్న గేరు పడదు. ఉన్న గేరును తీసినవాడు న్యూట్రల్‌లో చిక్కుకొనును. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొను ఉపమానము లూకా 14లో నున్నదిగదా. డ్రైవరు లెక్క చూచుకొనవలసిన చోటు కొండ కొన.

బ్రేకును సహాయమునకే వాడవలెను. 30 కిలోమీటర్ల వేగము చాలునని నిర్ణయించుకొన్నచో, ముల్లు 30 చేరగానే గట్టిగా త్రొక్కి 22కు తెచ్చి పూర్తిగా విడువవలెను. కాలు ఆనించియే యుంచుట డ్రమ్ములను కాల్చుటయే. పొగ వచ్చినయెడల వెడల్పైన చోట ఆపి చల్లారనిండు. నీళ్లు పోయకుడి, డ్రమ్ము పగులును.

డీజిలు మిగులునని న్యూట్రల్‌లో దింపువారు నేటికిని ఉన్నారు. ఇది ప్రాణాంతకము మాత్రమే కాదు, లెక్క కూడ తప్పు. గేరులోనుండి యాక్సిలరేటరు విడిచి దిగునప్పుడు ఇంజనును చక్రములే త్రిప్పును గనుక పంపు డీజిలును ఆపివేయును. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఊరక తిరుగుటకు డీజిలు త్రాగుచునే యుండును. ఈ సంగతిని యజమానులకు కూడ చదివి వినిపింపుడి. పొదుపు చేయుమని పిల్లలను తొందరపెట్టువారు తరచుగా వారే.

మలుపులలో వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో రావు, లోపలికి కోసుకొని వచ్చును. హారను కొట్టి, ఎదుట ఎవరును లేరని చూచి తిరుగవలెను. ఇరుకుచోట ఎక్కుచున్న బండికే దారి, దిగువాడు ఆగవలెను. ఇది మర్యాద మాత్రమే కాదు, రోడ్డు నిబంధన.

20 ఏండ్లు నిండనివానికి లారీ లైసెన్సు లేదు. చిన్న బండ్ల లైసెన్సు పొంది కనీసము ఒక సంవత్సరము గడచినవాడే దానికి అర్హుడు. క్లీనరుగా తిరిగిన బాలుని చేతికి ఘాటులో స్టీరింగు ఇచ్చువానిని నేను గురువని పిలువను.

ఇంకొక మాట. చెడిన లారీ చక్రముల క్రింద రాళ్లు పెట్టి, బాగుచేసిన పిమ్మట వాటిని రోడ్డుమీదనే విడిచి పోవుదురు. రాత్రివేళ మలుపు తిరిగివచ్చు మోటారు సైకిలువానికి ఆ రాయి కనబడదు. బండి కదలిన వెంటనే క్లీనరు దిగి వాటిని అంచుకు దొర్లించి, మరల ఎక్కవలెను.