బిడ్డ కోసం కోర్టుకు వెళ్ళేవారు దాచకూడని సంగతులు



భార్యాభర్తలు వేరైనప్పుడు వారిలో ఎవరో ఒకరు బిడ్డ జ్ఞానస్నాన పత్రం కోసం మా దగ్గరకు వస్తారు. "ఫాదర్ గారూ, కోర్టులో వేయాలి" అంటూ ఎదుటివారి తప్పుల చిట్టా విప్పుతారు. కాని కోర్టు మొదట అడిగేది బిడ్డను గూర్చి.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, గార్డియన్‌గా నియమించమని కోరేవారు తమకు తెలిసినంత మేరకు ఈ సంగతులు రాయాలి: బిడ్డ పేరు, ఆడో మగో, మతం, పుట్టిన తేదీ, మామూలుగా నివసించే చోటు, బిడ్డకు ఆస్తి ఉంటే దాని వివరం, విలువ, బిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదీ, దగ్గరి బంధువులు ఎక్కడున్నదీ, ఇంతకుముందు ఏ కోర్టులోనైనా దరఖాస్తు వేశారా, ఫలితమేమి, కోరేవారి అర్హతలు, కోర్టుకు రావడానికి కారణాలు.

రెండు చోట్ల మనవారు తప్పటడుగు వేస్తారు. మొదటిది నివాసం. బిడ్డ మామూలుగా నివసించే ప్రాంతపు కోర్టే ఈ దరఖాస్తు వినాలి. గుంటూరులో చదివే బిడ్డను నెల క్రితం అమ్మమ్మగారి ఊరికి తీసుకువెళ్ళి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు రాయించరాదు. రెండవది పాత కేసు. దానిని దాస్తే, బయటపడిన నాడు మీ నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

పోషణ ఖర్చు కోరే కేసుల్లో ఇరువురూ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. జీతం తగ్గించి చెప్పిన తండ్రి, ఉద్యోగం దాచిన తల్లి ఇద్దరూ బిడ్డ పేరు మీదనే అబద్ధమాడుతున్నారు. ప్రమాణం చేసి అబద్ధమాడడం చట్టం దృష్టిలో నేరం. ఎనిమిదవ ఆజ్ఞ మనకు తెలియనిది కాదు.

అయితే పరువు కోసం నిజాన్ని మింగడం కూడా తప్పే. తాగి బిడ్డను కొట్టేవారుంటే ఆ సంగతి ఆధారాలతో చెప్పండి. అది పగ తీర్చుకోవడం కాదు, బిడ్డను కాపాడుకోవడం.

కోర్టు చూసేది బిడ్డ మేలు. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని కూడా న్యాయమూర్తి తెలుసుకోవచ్చు. దయచేసి మాటలు నేర్పి పంపవద్దు.

మేత్రాసన న్యాయస్థానం వివాహం చెల్లదని తీర్పిచ్చినా, తల్లిదండ్రుల బాధ్యత రద్దు కాదు. లాయరు దగ్గరకు వెళ్ళేముందు పై సంగతులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రాయడానికి చేయి వెనుకాడిన సంగతినే మొదట లాయరుకు చెప్పండి.