గెలాక్సీ నడిబొడ్డున వెలిగే మేఘాలు - ఆ వెలుగు ఎవరిది?

ఉప్పునీటి చుక్క పొయ్యి మంటలో పడితే మంట ఒక్క క్షణం పసుపు రంగుకు మారుతుంది. అది ఉప్పులోని సోడియం రంగు. సోడియం తనంతట తాను వెలగలేదు, మంట ఇచ్చిన శక్తితో వెలిగింది. ఆకాశంలో మెరిసే వాయు మేఘాలూ అంతే. మరి గెలాక్సీ కేంద్రం దగ్గరున్న మేఘాలకు ఆ శక్తి ఎక్కడిది?

మెస్సియర్ 77 అనే గెలాక్సీని తీసుకుందాం. ఇది మనకు సుమారు నాలుగున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1908లో అమెరికాలోని లిక్ వేధశాలలో ఎడ్వర్డ్ ఫాత్ దీని వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు చూశాడు. అంటే అక్కడ వెలిగే వాయువు ఉందన్నమాట. 1943లో కార్ల్ సైఫర్ట్ ఇలాంటి ఆరు గెలాక్సీలను పరిశీలించి, ఆ గీతలు బాగా వెడల్పుగా ఉన్నాయని చూపాడు. గీత వెడల్పయిందంటే వాయువు మహా వేగంతో కదులుతున్నట్లు లెక్క.

ఈ వాయువును వెలిగించగలిగినవి ముఖ్యంగా మూడు.

1. కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు.

2. వాయు ప్రవాహాలు ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు పుట్టే తాకిడి తరంగాలు.

3. కేంద్రంలోని కృష్ణబిలం. దానిలోకి పడబోయే పదార్థం చుట్టూ పళ్లెంలా తిరుగుతూ, విపరీతంగా వేడెక్కి, అతినీలలోహిత, ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది. ఒక కిలో హైడ్రోజన్ నక్షత్రంలో హీలియంగా మారితే 7 గ్రాములు మాత్రమే శక్తి అవుతుంది. కృష్ణబిలం చుట్టూ అయితే సుమారు 100 గ్రాములు!

వీటిలో అసలు కారణమేదో పరమాణువులే చెబుతాయి. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. వేడి నక్షత్రాలు ఆ పని సులువుగా చేస్తాయి. కాని నియాన్ పరమాణువు నుంచి నాలుగో ఎలక్ట్రాన్‌ను తీయాలంటే సుమారు 97 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మామూలు నక్షత్రాల కాంతిలో అంత శక్తి గల కిరణాలు దాదాపు ఉండవు. మెస్సియర్ 77 మేఘాల్లో అలాంటి నియాన్ గీత కనిపిస్తుంది. అందువల్ల అనుమానం కృష్ణబిలం మీదికి పోతుంది. అక్కడి నుంచి దూసుకొచ్చే ప్రవాహం మేఘాలను ఢీకొని కొంత శక్తి ఇస్తుంది కాని, ప్రధాన కారణం మాత్రం కేంద్రం నుంచి వచ్చే కిరణాలే.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ కేంద్రం దట్టమైన ధూళి వెనుక దాగి ఉంది. గోడ చాటున దీపం ఉంటే మనకు దీపం కనబడదు, ఎదుటి గోడ మీద పడిన దాని వెలుగు కనబడుతుంది. 1985లో ఆంటొనూచి, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే పని చేశారు. కేంద్రం నుంచి బయలుదేరి, పైనున్న వాయువు మీద పడి చెదిరి, ధ్రువితమై వచ్చిన కాంతిని విడదీసి చూశారు. అందులో సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే వాయువు గీతలు బయటపడ్డాయి. దాగిన దీపం దొరికింది.

అలాగని కృష్ణబిలం ఉన్నచోటల్లా వెలుగు దానిదే అనుకోరాదు. మన పాలపుంత కేంద్రంలో 40 లక్షల సూర్యుల బరువుకు మించిన కృష్ణబిలం ఉంది. కాని దానికి ఇప్పుడు మేత చాలా తక్కువ. దాని చుట్టూ వెలిగే వాయువుకు శక్తినిస్తున్నవి ప్రధానంగా అక్కడి వేడి నక్షత్రాలే. చోటు ఒకలాంటిదే, జవాబు వేరు.

మిత్రులారా! కంటికి కనిపించే మెరుపును చూసి కారణం ఊహించడం సులభం. కాని ప్రతి మేఘాన్నీ విడిగా అడగాలి, దాని గీతలు కొలవాలి, ఆ తరువాతే జవాబు రాయాలి. సైన్సు మనకు నేర్పే పాఠం ఇదే.